ముప్పై గ్రాముల తేడా

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వాహనాలకు తెరుచుకుంది. మలుపు మీద మలుపుగా సాగే ఆ దారిలో పాత అంబాసిడర్ కారు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నంతసేపూ స్టీరింగు చేతిలో కుదురుగా ఉంటుంది. అదే కారు రేణిగుంట, పుత్తూరు దాటి, నగరి కొండలను పక్కన పెట్టుకుని తిరుత్తణి వైపు చదునైన రోడ్డులో 80 అందుకోగానే స్టీరింగు వణకడం మొదలవుతుంది. డ్రైవరుకు మొదట రోడ్డు మీద అనుమానం వస్తుంది, ఆ తర్వాత ఇంజను మీద. రోడ్డు నున్నగా ఉన్నప్పుడే వణుకు ఇంకా తేటగా తెలుస్తుంది కాబట్టి మొదటి అనుమానం నిలవదు. గేరు మార్చి అదే వేగంలో పోయినా వణుకు మారకపోతే రెండోదీ పోతుంది. గేరుతో పాటు ఇంజను తిరిగే వేగం మారుతుంది, చక్రం తిరిగే వేగం మారదు. మార్పు లేని చోటే కారణం ఉంది. చక్రంలో.

తిరిగే వస్తువులో ఒక పక్క బరువు ఎక్కువైతే అది ఇరుసును తన వైపు లాగుతుంది. ఆ లాగుడు ఎంత అన్నది అదనపు బరువు మీద, ఇరుసు నుంచి దాని దూరం మీద, తిరిగే వేగం మీద ఆధారపడుతుంది. బరువో దూరమో రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం బలం నాలుగు రెట్లవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

అంబాసిడర్‌కు వాడే 5.90-15 టైరును తీసుకుందాం. రిమ్ము వ్యాసం 15 అంగుళాలు, టైరుతో కలిపి ఇరుసు నుంచి నేలకు సుమారు 33 సెంటీమీటర్లు. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువ ఉందనుకుందాం. ఘాట్ రోడ్డు మీద 30 వేగంలో ఆ ముప్పై గ్రాములు ఇరుసును లాగే బలం 370 గ్రాముల బరువుకు సమానం. 40 వేగంలో 660 గ్రాములు. 80కి చేరేసరికి 2.6 కిలోలు, నూటికి 4 కిలోలు దాటుతుంది. పైగా ఆ లాగుడు ఒకే దిక్కుకు ఉండదు. 80 వేగంలో ఈ చక్రం సెకనుకు దాదాపు 11 సార్లు తిరుగుతుంది. అంటే రెండున్నర కిలోల లాగుడు సెకనుకు పదకొండు సార్లు పైకి, ముందుకు, కిందికి, వెనక్కి మారుతూ పోతుంది. కొండ దిగేటప్పుడు కూడా ఆ తేడా చక్రంలోనే ఉంది. దానికి చాలినంత వేగం లేక బయటపడలేదు, అంతే.

అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారంలో ఆగిపోయింది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు దాని మూలం. అది మన ఊళ్లలో తిరిగిన తొలి దశాబ్దాల్లో ఇరుకు రోడ్ల మీద, ఎడ్ల బండ్ల మధ్య, గంటల తరబడి 80లో పోవడం అరుదు. రోడ్డు బాగుపడిన కొద్దీ పాత బండి తన పడుచుతనంలో చూడని వేగాలను ముసలితనంలో చూస్తోంది. చక్రంలోని ఈ బరువు తేడాను సరిచేసే బ్యాలెన్సింగు పాత బండ్లకు అనవసరమనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. పాత వేగాలకు ఆ మాట చెల్లింది. ఇప్పటి రోడ్డుకు చెల్లదు.

ముప్పై గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? టైరును పొరలు పొరలుగా చుట్టి అతికిస్తారు. ప్రతి పొరకూ ఒక అతుకు ఉంటుంది, అక్కడ రబ్బరు రెండింతలు పడుతుంది. ఇనుప రిమ్ము కూడా పట్టీని వంచి వెల్డింగు చేసిందే. ట్యూబు వాల్వు ఒక పక్క బరువు. పంచరుకు వేసిన ప్యాచీ ఇంకో పక్క. రీట్రెడ్ టైరు అయితే కొత్త రబ్బరు పట్టీ కలిసే చోట మరో అతుకు. వీటన్నిటికంటే తరచుగా కనిపించేదీ, డబ్బు ఖర్చు లేకుండా పోయేదీ ఒకటుంది. వానాకాలంలో చేను దారిలోకి దిగిన బండికి రిమ్ము లోపలి వైపు ఎర్రమట్టి పట్టి, ఎండి, గట్టిపడి ఉంటుంది. బయటి నుంచి చూస్తే కనపడదు. అర గుప్పెడు మట్టి 50 గ్రాములు దాటుతుంది. చక్రం విప్పి లోపలి వైపు గీకి కడగకుండా బ్యాలెన్సింగు మిషను మీద పెట్టడం వృథా పని. ఇవాళ ఆ మట్టికి సరిపడేలా ఎదురుగా రిమ్ముకు సీసం ముక్క కొడతారు, పది రోజులకు మట్టి ఊడిపోతే ఆ సీసమే కొత్త తేడా అవుతుంది.

మిషను లేకుండా కూడా తేడాను కొంతవరకు పట్టుకోవచ్చు. అంబాసిడర్‌లోనూ పాత జీపులోనూ ఇంజను తిప్పేది వెనక చక్రాలను. జీపు ఫోర్ వీల్‌లో లేనప్పుడు ముందు చక్రాలను ఇంజను ముట్టుకోదు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు వైపు జాకీతో లేపి, కింద గట్టి దిమ్మ పెట్టి, బ్రేకు రుద్దుకోకుండా కాస్త వదులు చేస్తే చక్రం తేలికగా తిరుగుతుంది. చేత్తో మెల్లగా తిప్పి వదిలేయాలి. అది నెమ్మదిస్తుంది, ఆగబోతుంది, ఆగీ ఆగక ఒకింత వెనక్కి ఊగుతుంది, అటూ ఇటూ రెండు మూడు ఊపులు ఊగి నిలుస్తుంది. ఆ వెనక్కి ఊగడాన్నే చూడాలి. బరువైన చోటు కిందికి దిగి కుదురుకుంటోందని దాని అర్థం. కింద నిలిచిన చోట సుద్దతో గీత పెట్టి, ఇంకో చోటి నుంచి తిప్పి వదలాలి. మళ్లీ మళ్లీ అదే గీత కిందికి వస్తే బరువు అక్కడుంది. దానికి సరిగ్గా ఎదురుగా, పైన, కాస్త మైనపు ముద్దో మట్టి ముద్దో అంటించి, తగ్గిస్తూ పెంచుతూ, చక్రం ఎక్కడ వదిలినా అక్కడే నిలిచేదాకా చూస్తే ఆ ముద్ద బరువే కావలసిన బరువు. బేరింగులో గ్రీజు గడ్డకట్టి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. 30 గ్రాముల బరువుకు గట్టి గ్రీజును తోసి కిందికి దిగేంత శక్తి లేదు, చక్రం ఎక్కడ పడితే అక్కడ ఆగి, తేడా లేదని మనల్ని నమ్మిస్తుంది.

ఈ పద్ధతి పట్టుకోలేని తేడా ఇంకొకటి ఉంది. చక్రానికి వెడల్పు ఉంది కదా. లోపలి అంచున పైన 30 గ్రాములు, బయటి అంచున కింద 30 గ్రాములు ఎక్కువ ఉన్నాయనుకోండి. నిలకడగా ఉన్నప్పుడు రెండూ ఒకదానికొకటి సరిపోతాయి, చక్రం ఎక్కడ వదిలినా అక్కడే నిలుస్తుంది. తిరగడం మొదలుపెట్టాక లోపలి బరువు ఒక వైపు, బయటి బరువు ఎదురు వైపు లాగుతాయి. రెండు లాగుళ్లూ ఒకే నిలువులో లేవు కాబట్టి చక్రం మెలిపడుతుంది. ప్రతి అర చుట్టుకూ ఆ మెలి దిక్కు మారుతుంది. ముందు చక్రాలు స్టీరింగుతో కలిసే ఉంటాయి కనుక ఈ మెలి టై రాడ్ల గుండా నేరుగా డ్రైవరు చేతికి వస్తుంది. ఒక్క తలంలో సరిచేయడం స్టాటిక్ బ్యాలెన్సింగు, లోపలా బయటా రెండు తలాల్లో సరిచేయడం డైనమిక్. పాత కార్ల సన్నటి చక్రాల్లో మొదటి రకం తేడాయే పెద్దది. చక్రం వెడల్పయ్యే కొద్దీ రెండోది ముదురుతుంది.

రెండు తలాల తేడాను తిప్పి కొలిచే యంత్రానికి దారి వేసింది కారు చక్రాలు కాదు, ఆవిరి టర్బైన్లు. జర్మనీలో ఫ్రాంజ్ లవాచెక్ రూపొందించిన పద్ధతి హక్కులను తీసుకుని 1908 నాటికి డార్మ్‌స్టాట్‌లోని కార్ల్ షెంక్ కంపెనీ బ్యాలెన్సింగు యంత్రాలు చేయడం మొదలుపెట్టింది. టైర్ల షాపులోని మిషను ఆ వంశంలోదే. చక్రాన్ని దాని ఇరుసుకు ఎక్కించి తిప్పితే, ఇరుసును మోసే చోట ఉన్న సెన్సార్లు ఎంత బలంతో తోపు వచ్చింది, చుట్టులో ఏ క్షణాన వచ్చింది అని చూస్తాయి. రిమ్ము వ్యాసం, వెడల్పు, మిషను నుంచి రిమ్ముకున్న దూరం, ఈ మూడూ షాపు కుర్రాడు మిషనులో నొక్కాలి. వాటిని పట్టి లోపల ఎన్ని గ్రాములు, బయట ఎన్ని, ఏ స్థానంలో అన్నది లెక్క కట్టి చూపిస్తుంది. ముందు వచ్చిన చిన్న కారు కొలతలను మార్చకుండా 15 అంగుళాల రిమ్మును తిప్పితే మిషను తప్పు గ్రాములు చూపిస్తుంది. షాపులో నిలబడి ఆ మూడు అంకెలూ మారాయా లేదా చూడటం బండి యజమాని చేయగల మంచి పని.

పాత చక్రాలకు అసలు ఉచ్చు ఇంకోచోట ఉంది, అది చాలామందికి తెలియదు. మిషను చక్రాన్ని మధ్య రంధ్రంలోంచి శంకువు దూర్చి పట్టుకుంటుంది. బండి మీద చాలా పాత ఇనుప చక్రాలను నడిమికి తెచ్చేది మధ్య రంధ్రం కాదు, చుట్టూ ఉన్న నట్ల ఏటవాలు అంచులు. మధ్య రంధ్రం తుప్పు తిని, దెబ్బలు తిని ఉంటుంది. అది సరిగ్గా నడుమనే ఉండాలని ఆనాడు ఎవరూ పట్టు పట్టలేదు, ఆ అవసరమూ లేదు. ఇప్పుడు శంకువు ఆ రంధ్రాన్ని పట్టుకుంటే చక్రం అర మిల్లీమీటరు పక్కకు కూర్చుందనుకోండి. టైరుతో కలిపి చక్రం 15 కిలోలుంటే, ఆ పదిహేను కిలోలూ అర మిల్లీమీటరు పక్కకు జరిగినట్టే. రిమ్ము అంచున దాదాపు 40 గ్రాముల తేడాకు అది సమానం. అసలు లేని 40 గ్రాములను మిషను నిజాయితీగా కొలిచి చూపిస్తుంది, కుర్రాడు నిజాయితీగా సీసం కొడతాడు, బండి మునుపటి కంటే ఎక్కువ వణుకుతుంది. ఎవరూ మోసం చేయలేదు, కానీ డబ్బు పోయింది.

శంకువు పట్టు తప్పిందా అని చూసే ఉపాయం తేలిక. బ్యాలెన్సు అయి, సున్నా సున్నా చూపించాక, చక్రాన్ని వదులు చేసి, మిషను ఇరుసు మీదే అర చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమనాలి. మళ్లీ సున్నాకు దగ్గరగా వస్తే శంకువు పట్టు కుదిరినట్టే. రంధ్రమే నట్లకు నడుమ లేకపోతే మాత్రం ఆ తేడా చక్రంతో పాటే తిరుగుతుంది కాబట్టి ఈ పరీక్షకు దొరకదు, దానికి నట్ల రంధ్రాలను పట్టుకునే పట్టీయే కావాలి. 20, 30 గ్రాములు చూపిస్తే పట్టు తప్పు. శంకువును లోపలి వైపు నుంచి దూర్చి చూడాలి, తుప్పు గీకి చూడాలి, లేదా నట్ల రంధ్రాలను పట్టుకునే పట్టీ ఉన్న షాపు వెతకాలి. పాత బండి గలవారు షాపును ఎంచుకునేటప్పుడు మిషను ఎంత కొత్తది అని కాక, ఈ అర చుట్టు పరీక్షకు ఒప్పుకుంటారా అని అడగడం మేలు. చక్రం విప్పేటప్పుడు ఒక స్టడ్డుకూ దాని రంధ్రానికీ రంగు చుక్క పెట్టి, తిరిగి అదే స్థానంలో ఎక్కిస్తే డ్రమ్ములో ఉన్న కొద్దిపాటి తేడా కూడా కొత్త గొడవ తేదు. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

సీసం ముక్క బరువు తేడాను మాత్రమే తీరుస్తుంది. చక్రం గుండ్రంగా లేకపోతే తీర్చలేదు. గుంటలో పడి రిమ్ము అంచు వంగితే, టైరు ఒకచోట ఎత్తుగా కూర్చుంటే, మిషను మీద సున్నా తెప్పించవచ్చు. రోడ్డు మీద ప్రతి చుట్టుకూ ఆ ఎత్తు వచ్చి బండిని లేపుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మిషను కూడా అక్కర్లేదు. జాకీ మీద తిరుగుతున్న చక్రం అంచుకు దగ్గరగా ఒక పుల్లను కదలకుండా పెట్టి చూస్తే, సందు పెరుగుతూ తగ్గుతూ ఉండటం కంటికే కనిపిస్తుంది. నైలాను దారాల టైర్లకు ఇంకో గుణం ఉంది. బండి చాలా రోజులు ఒకేచోట నిలిస్తే నేలకు ఆనిన చోటు చదునై, చల్లబడి, ఆ ఆకారంలో ఉండిపోతుంది. తీయగానే దడదడమంటుంది, కొన్ని కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కాక చాలావరకు సర్దుకుంటుంది. పండగకో పెళ్లికో తప్ప బయటికి రాని కారును షెడ్డులోంచి తీసి నేరుగా షాపుకు తోలుకుపోయి బ్యాలెన్సు చేయించకూడదు. కాస్త దూరం నడిపి, ఇంకా వణుకుంటే అప్పుడు పోవాలి.

బ్రేకు తొక్కినప్పుడే వణుకు వస్తే అది డ్రమ్ము గుండ్రం తప్పడం. బండి ఒక పక్కకు లాగుతూ ఉంటే, టైరు ఒక అంచే అరిగిపోతుంటే అది అలైన్‌మెంటు సంగతి. చక్రాలు ఏ దిక్కు చూస్తున్నాయన్నది అలైన్‌మెంటు, చక్రంలో బరువు ఎలా పంచుకుందన్నది బ్యాలెన్సింగు. షాపుల్లో రెండూ కలిపి ఒకే రేటు చెబుతారు కాబట్టి రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. వణుకు తీరడానికి అలైన్‌మెంటు చేయించి నిరాశపడటం వల్లే బ్యాలెన్సింగు మీద కూడా నమ్మకం పోతోంది.

మొదట చెప్పిన దారిలోని నగరి జనానికి కంపనం కొత్త కాదు. ఏకాంబరకుప్పం రైల్వే స్టేషను దిగి ఊళ్లోకి నడిస్తే మరమగ్గాల చప్పుడు వీధుల్లోకి వినిపిస్తుంది. మగ్గంలో నాడె ఒక కొస నుంచి ఇంకో కొసకు దూకి, ఆగి, మళ్లీ వెనక్కి పోతుంది. పన్నె ముందుకూ వెనక్కూ ఆడుతుంది. నిమిషానికి నూటికి పైగా ఇలా జరుగుతుంది. తిరిగే చక్రానికి ఒక బరువు తగిలించి ఈ కంపనాన్ని పూర్తిగా ఆపలేరు. నాడె లాగుడు ఒకే గీత మీద అటూ ఇటూ ఉంటే, తిరిగే బరువు లాగుడు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఒక దిక్కున సరిపోతే ఇంకో దిక్కున కొత్త లాగుడు పుడుతుంది. అందుకే మగ్గాన్ని నేలకు బిగించి నేలనే మోయమంటారు. బండి చక్రం అదృష్టం వేరు. అందులో తేడా కూడా చక్రంతో పాటే తిరిగేది, దిద్దుబాటు కూడా చక్రంతో పాటే తిరిగేది. వేగం పెరిగితే రెండు లాగుళ్లూ ఒకే లెక్కన పెరుగుతాయి. 40లో సరిపోయిన బరువే 60లో, 80లో, 100లో కూడా సరిపోతుంది. ఒక్కసారి సరైన చోట కొట్టిన ముక్క అన్ని వేగాలకూ పనిచేస్తుంది. ఇంజినీరింగులో ఇంత సంపూర్ణమైన దిద్దుబాట్లు ఎక్కువగా దొరకవు.

మరి వణుకు ఒక వేగం దగ్గరే ఎందుకు ముదురుతుంది? ఈ వైపు మెకానిక్కుల దగ్గర తరచుగా వినపడే ఫిర్యాదు ఇలా ఉంటుంది: “అన్నా, బండి ఎనబైలో వణకతా ఉండాది. తొంబై దాటితే మళ్లీ సర్దుకుంటా ఉండాది.” అది భ్రమ కాదు. కింద గాలి నిండిన టైరు ఒక స్ప్రింగు, పైన బండి స్ప్రింగు మరొకటి. రెంటి మధ్య చక్రం, డ్రమ్ము, ఇరుసు కలిసిన బరువు వేలాడుతుంది. ఆ బరువుకు తనంత తాను ఊగే వేగం ఒకటుంది, కార్లలో అది సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 ఊపులు. చక్రం తిరిగే వేగం ఆ సంఖ్యతో కలిస్తే చిన్న తోపు కూడా పెద్ద ఊపవుతుంది, దాటితే తగ్గుతుంది. ఈ ఊపు సెకనుకు 12 అనుకుంటే అంబాసిడర్ చక్రం ఆ సంఖ్యకు చేరేది సుమారు 90 వేగంలో. మారుతి 800కు వాడే 145/70 ఆర్12 టైరు చిన్నది, కాబట్టి అదే సంఖ్యకు 70 లోపే చేరుతుంది. చిన్న చక్రాల కారు తక్కువ వేగంలోనే వణకడానికి ఇదొక కారణం. ఊపును మింగాల్సినవి షాకబ్జార్బర్లు. అవి నీరసించి, బుష్షులు అరిగి, జీపుల్లో కింగ్‌పిన్ను ఆడుతూ ఉంటే కొత్త బండి లెక్కచేయని 10 గ్రాముల తేడా పాత బండిలో స్టీరింగును పట్టి ఊపుతుంది. అందుకే చక్రం విప్పక ముందే, జాకీ మీద దాన్ని పైనా కిందా పట్టుకుని ఒకసారి, పక్కలు పట్టుకుని ఒకసారి కదిలించి చూడాలి. చేతికి ప్లే తగిలితే ముందు బిగువు, తర్వాతే బరువు.

వణుకు చేతిలో కాక సీటు కింద తెలిస్తే వెనక చక్రాలను చూడాలి. స్టీరింగు వణుకులాంటి దడ కాకుండా గుయ్యిమనే సన్నటి కంపనమైతే వెనక ఇరుసుకు పోయే షాఫ్టును అనుమానించాలి. అది చక్రం కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా తిరుగుతుంది, కాబట్టి దాని కంపనం సెకనుకు నలభై యాభై ఉంటుంది. చక్రానికి ఎంత సీసం కొట్టినా అది పోదు.

మోటారు సైకిళ్ల సన్నటి చక్రాలకు చేత్తో చేసే స్టాటిక్ పరీక్ష చాలు, కాకపోతే ఊచల చక్రానికి ముందు బెండు తీయించాలి.

సీసం గురించి ఒక మాట. యూరపులో 2005 నుంచి కార్ల చక్రాలకు సీసపు ముక్కలను నిషేధించారు, బదులుగా ఇనుము, జింకు వాడుతున్నారు. ఊడి రోడ్డు మీద పడిన ముక్క బండ్ల కింద నలిగి దుమ్ములో కలుస్తుందనీ, ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటనీ వాళ్ల భయం. ఆ భయం మనకూ ఉండాలి. రాలిన ముక్కలను పిల్లల ఆటకు ఇవ్వకూడదు, ఇంటి పొయ్యి మీద కరిగించకూడదు. తుప్పు పట్టిన అంచుకు క్లిప్పు ముక్క పట్టు దొరకదు. తుప్పు గీకి కొట్టించుకోవాలి, మరుసటి వారం ఉందో ఊడిందో చూసుకోవాలి.

చివరిగా టైరు వయసు. తక్కువగా తిరిగే పాత కారు టైరుకు అరుగుదల కనిపించదు, గీతలు నిండుగా ఉంటాయి, అందుకని మార్చబుద్ధి కాదు. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. రబ్బరు ఎండలోనూ నీడలోనూ ముసలిదవుతుంది, పక్కన సన్నటి పగుళ్లు వస్తాయి, లోపలి పొరలు విడిపోతే ఒకచోట ఉబ్బుతుంది. నెల క్రితం బ్యాలెన్సు చేయించిన చక్రం కారణం లేకుండా మళ్లీ వణికితే, అరచేత్తో టైరు చుట్టూ తడిమి ఆ ఉబ్బు కోసం వెతకాలి. ఉబ్బు తగిలితే దాన్ని మళ్లీ మిషను ఎక్కించవద్దు, స్టెప్నీగా కూడా ఉంచవద్దు.